అసహ్యం కలిగించే ముద్దాయికి వకాల్తా

క్రిమినల్ కోర్టుల్లో ముద్దాయిల తరఫున పనిచేసే న్యాయవాదులకు ఇంటా బయటా తప్పని ప్రశ్న ఒకటుంది. "అలాంటివాడి తరఫున ఎలా వాదిస్తున్నారు?" చుట్టాలు అడుగుతారు, ఇరుగుపొరుగు అడుగుతారు, ఒక్కోసారి కన్నబిడ్డలే అడుగుతారు. గట్టు తగాదా కేసుకో, చెక్ బౌన్స్ కేసుకో ఈ ప్రశ్న రాదు. పసిపిల్ల మీద అఘాయిత్యం చేశాడన్న ఆరోపణ ఉన్నవాడు, పెళ్లాన్ని కాల్చి చంపాడంటున్నవాడు, జనం మధ్య బాంబు పెట్టాడంటున్నవాడు బోనులో నిలబడినప్పుడే వస్తుంది. అలాంటి కేసు కట్ట చదువుతుంటే న్యాయవాదికి కూడా కడుపులో తిప్పుతుంది. పోస్టుమార్టం ఫొటోలు అందరికంటే దగ్గరగా చూడాల్సింది ఆ మనిషే. ఆ ఏవగింపు ఉండగానే వాదించాలి.

ఈ విషయంలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు తికమకకు తావివ్వలేదు. నేరం జరిగిందా లేదా అన్నదానిపై తన సొంత అభిప్రాయం ఏదైనా సరే, న్యాయవాది ముద్దాయి తరఫున నిలబడాలని 15వ నియమం చెబుతుంది. తగిన సాక్ష్యం లేకుండా ఏ మనిషికీ శిక్ష పడకూడదని కోరే చట్టానికే తన విధేయత అని గుర్తుపెట్టుకోవాలని కూడా అందులోనే ఉంది. తాను ప్రాక్టీసు చేసే కోర్టులో తన స్థాయికి తగ్గ ఫీజు ఇచ్చేవారి కేసును న్యాయవాది తీసుకోవాలని 11వ నియమం అంటుంది. ప్రత్యేక పరిస్థితులుంటే కాదనవచ్చు. ఒకసారి తీసుకున్నాక సరైన కారణం లేకుండా, ముందుగా చెప్పకుండా మధ్యలో వదిలేయడానికి వీల్లేదు.

ఈ ఆలోచన ఇంగ్లండు నుంచి వచ్చింది. 1792లో టామస్ పెయిన్ మీద రాజద్రోహపు రాతల కేసు నడిచినప్పుడు, అతని తరఫున వాదించిన టామస్ ఎర్‌స్కిన్ యువరాజు దగ్గర తనకున్న అటార్నీ జనరల్ పదవిని పోగొట్టుకున్నాడు. ఫలానా ముద్దాయికి వాదిస్తాను, ఫలానావాడికి వాదించనని ఎంచుకోవడం మొదలుపెడితే న్యాయవాది జడ్జి పని చేస్తున్నట్టేనన్నది ఎర్‌స్కిన్ వాదన. రెండు శతాబ్దాలు గడిచినా దానికి గట్టి జవాబు ఇచ్చినవారు లేరు.

మన రాజ్యాంగంలోని 22(1) అధికరణ అరెస్టయిన ప్రతి వ్యక్తికీ తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కు ఇచ్చింది. అయితే ఫీజు కట్టలేనివాడికి, ఎవరూ ముందుకు రానివాడికి ఆ హక్కు ఎలా అందుతుందన్నది తేలడానికి చాలాకాలం పట్టింది. దీని మొదటి ఘట్టాల్లో ఒకటి తెలంగాణదే. సాయుధ పోరాట కాలంలో హత్య కేసుల్లో ప్రత్యేక ట్రిబ్యునల్ ఉరిశిక్ష వేసిన రైతుల వ్యవహారం 1951లో జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాద్ రాష్ట్రం పేరుతో సుప్రీంకోర్టుకు చేరింది. వారి తరఫున లండన్ నుంచి బారిస్టరు డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించారు. విచారణలో తమకు న్యాయవాది సాయం అందలేదన్నది ముద్దాయిల ఫిర్యాదు. ఉరిశిక్ష పడే కేసులో న్యాయవాది లేనంత మాత్రాన విచారణ మొత్తం చెల్లదని సూత్రంగా చెప్పలేమని కోర్టు తేల్చేసింది. ఆ ఉరిశిక్షలు తర్వాత యావజ్జీవంగా మారాయి గానీ తీర్పు అలాగే ఉండిపోయింది. పేదవాడికి ఉచితంగా న్యాయవాదిని ఇవ్వడం రాజ్యం బాధ్యత అని కోర్టు 1978లో ఎం.హెచ్. హోస్కోట్ కేసులోను, 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులోను చెప్పింది. ముద్దాయి అడగకపోయినా ఆ సాయం అందించాల్సిందేనని, అందించకపోతే పడిన శిక్ష నిలవదని 1986లో సుఖ్ దాస్ కేసులో తీర్పు ఇచ్చింది. 1951లో నల్లగొండ రైతులకు దక్కని మాట, అరుణాచల్ ప్రదేశ్‌లో ఒక ఉద్యోగికి 35 ఏళ్ల తర్వాత దక్కింది. ఇప్పుడు అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 340, 341 సెక్షన్లు ఇదే హక్కును చెబుతున్నాయి.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా సందిగ్ధం తీరదు. దాన్ని అత్యంత తీవ్రంగా చూపించిన కేసు లండన్‌లో 1840లో నడిచింది. లార్డ్ విలియం రస్సెల్ అనే వృద్ధ ప్రభువు పడక మీదే గొంతు తెగి చనిపోయి కనిపించాడు. ఇంట్లో పనిచేసే కూర్వోజియే అనే స్విస్ యువకుడిని పోలీసులు పట్టుకున్నారు. అతని న్యాయవాది చార్లెస్ ఫిలిప్స్. తన క్లయింటు నిర్దోషి అని నమ్మే ఆయన కేసు మొదలుపెట్టాడు. విచారణ నడుస్తుండగా ఒక హోటల్ యజమానురాలు ముందుకు వచ్చి, పోయిన వెండి సామాను తన దగ్గర దాచింది ఈ యువకుడేనని చెప్పింది. అప్పుడు కూర్వోజియే తన న్యాయవాదికి నేరం ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, చివరిదాకా తన తరఫున వాదించమని కోరాడు.

ఫిలిప్స్ చేతులెత్తేద్దామనుకున్నాడు. తోటి న్యాయవాది సలహా మీద, ఆ బెంచి మీదే కూర్చున్న బేరన్ పార్క్ అనే జడ్జిని ఏం చేయాలని అడిగాడు. ముద్దాయి కోరుతున్నప్పుడు వాదించక తప్పదని, సాక్ష్యాల నుంచి న్యాయంగా తీయగలిగిన వాదనలన్నీ తీయాలని జవాబు వచ్చింది. ఫిలిప్స్ వాదించాడు. కూర్వోజియేకు ఉరిశిక్ష పడింది. ఆ ఏడు జులై 6న జనం చూస్తుండగా ఉరితీశారు. చార్లెస్ డికెన్స్ కూడా ఆ గుంపులో ఉన్నాడు. ముద్దాయి ఒప్పుకోలు సంగతి బయటపడ్డాక పత్రికలు ఫిలిప్స్ మీద విరుచుకుపడ్డాయి. నిజం తెలిసి కూడా తోటి పనిమనిషి మీద, పోలీసుల మీద అనుమానం పుట్టేలా మాట్లాడాడన్నది ప్రధానమైన నింద. తొమ్మిదేళ్ల తర్వాత కూడా ఆయన తన పరువు కాపాడుకుంటూ సమాధానం రాసుకోవాల్సి వచ్చింది.

వృత్తి ధర్మం ఎక్కడిదాకా వెళ్లవచ్చో, ఎక్కడ ఆగాలో ఆ గొడవలోంచే తేటపడింది. ముద్దాయి తనకు ఒప్పుకున్నాడని న్యాయవాది కోర్టుకు చెప్పకూడదు. మన సాక్ష్య చట్టం కూడా ఆ మాటలకు రక్షణ ఇస్తుంది. పాత చట్టంలో అది 126వ సెక్షన్, కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలో 132వది. ఆ రక్షణ లేకపోతే ఏ ముద్దాయీ తన ప్లీడరుతో నోరు విప్పడు. ఇలా ఒప్పుకున్నాక కూడా, ప్రాసిక్యూషన్ తెచ్చిన సాక్ష్యం నిలుస్తుందా అని గట్టిగా ప్రశ్నించవచ్చు. అబద్ధం చెబుతాడని తెలిసిన సాక్షిని బోనెక్కించడం, నేరాన్ని అమాయకుడైన మరొకరి మీదకు తోయడం మాత్రం తప్పు. సాక్ష్యాన్ని పరీక్షించడం వేరు, అబద్ధాన్ని అల్లడం వేరు. న్యాయవాది మనస్సాక్షికి నిలబడే చోటు ఈ రెండింటి నడుమే ఉంది.

నిజానికి ముద్దాయి న్యాయవాదికి ఒప్పుకునే సందర్భాలు అరుదు. ఎక్కువ కేసుల్లో న్యాయవాదికి నిజమేమిటో తెలియదు. తెలిసినట్టు అనిపించినా అది పోలీసు కాగితాలు చెప్పిన కథే. అందుకే రోజువారీ డిఫెన్స్ పని బయటివాళ్లు ఊహించుకునేంత నాటకీయంగా ఉండదు. ఎఫ్ఐఆర్ ఎన్నింటికి రాశారు, మేజిస్ట్రేటుకు ఎన్నింటికి చేరింది? పంచనామా మీద సంతకం పెట్టిన మధ్యవర్తులు నిజంగా అక్కడ ఉన్నారా, స్టేషన్లో కూర్చుని సంతకాలు చేశారా? గుర్తింపు పరేడుకు ముందే ముద్దాయి ఫొటో పేపర్లో పడిందా? పట్టుబడిన కత్తికీ పోస్టుమార్టంలో రాసిన గాయానికీ పొంతన ఉందా? సీలు వేసిన బట్టలు ల్యాబుకు చేరేలోపు ఎవరి చేతుల్లో ఉన్నాయి? ఈ ప్రశ్నలు ముద్దాయి గుణగణాల గురించినవి కావు. దర్యాప్తు గురించినవి. ఎంత ఘోరమైన నేరమైతే అంత త్వరగా ఎవరినో ఒకరిని పట్టుకోవాలన్న ఒత్తిడి పోలీసుల మీద ఉంటుంది. ఈ ప్రశ్నలు ఎక్కువగా అక్కరపడేది సరిగ్గా అలాంటి కేసుల్లోనే.

తెలుగువారికి దీని ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థినిని దారుణంగా చంపారు. రాష్ట్రమంతా అట్టుడికింది. మరుసటి ఏడాది పోలీసులు ఒక పేద యువకుడిని అరెస్టు చేశారు. అతను నేరస్థుడు కాడని, అసలువాళ్లు వేరే ఉన్నారని బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులే మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. 2010లో విజయవాడ కోర్టు అతనికి 14 ఏళ్ల శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆ శిక్షను కొట్టేసి, అతన్ని నిర్దోషిగా విడుదల చేసి, దర్యాప్తు తీరును తప్పుపట్టి, లక్ష రూపాయలు చెల్లించమంది. అప్పటికి అతని యవ్వనంలో ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. ఆ తర్వాత కేసు దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. అరెస్టు రోజున టీవీలు చూసిన జనానికి అతను రాక్షసుడు. అతని అప్పీలు తీసుకున్న న్యాయవాదిని ఎవరైనా "ఎలా వాదిస్తున్నారు" అని అడిగే ఉంటారు.

నేరం నిస్సందేహంగా రుజువైన కేసులోనూ న్యాయవాదికి పని ఉంటుంది. ఉరా, యావజ్జీవమా అన్నది అప్పుడు ముందుకు వస్తుంది. 1980లో బచన్ సింగ్ తీర్పు తర్వాత మరణశిక్షను అరుదైనవాటిలోకెల్లా అరుదైన కేసులకే పరిమితం చేశారు. ముద్దాయి బాల్యం, పేదరికం, మానసిక స్థితి, జైల్లో నడత వంటి వివరాలను కింది కోర్టు దశలోనే సేకరించాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముద్దాయి చేసిన పని అసహ్యంగానే మిగిలిపోతుంది. ఆ పని చేసినవాడి బతుకును మాత్రం ఎవరో ఒకరు కోర్టు ముందు పూర్తిగా పరచాలి.

ఒక్కొక్క న్యాయవాది తన వల్ల కాదనుకోవడం ఒక సంగతి. తన ఇంట్లోనే అలాంటి ఘోరం జరిగిన న్యాయవాది, చంటిబిడ్డ మీద అత్యాచారం కేసును మనసు పెట్టి వాదించలేనని పక్కకు తప్పుకుంటే అందులో నిజాయితీ ఉంది. అయిష్టంగా తీసుకుని సగం మనసుతో నడపడం అంతకంటే చెడ్డది. న్యాయవాది పక్కన లేకపోతే ఏం జరుగుతుందో ఒక కేసు చూపింది. 1997లో ఢిల్లీలో బస్సులో బాంబు పేలి నలుగురు చనిపోయిన కేసులో ఒక పాకిస్తాన్ జాతీయుడికి ఉరిశిక్ష పడింది. 65 మంది సాక్షుల్లో 56 మందిని విచారించినప్పుడు అతని పక్కన న్యాయవాది లేడని 2012లో సుప్రీంకోర్టు దృష్టికి వచ్చింది. మళ్లీ విచారణ జరపమని కోర్టు ఆదేశించింది. న్యాయవాది సాయంతో జరిగిన ఆ రెండో విచారణలో 2013లో అతను నిర్దోషిగా బయటపడ్డాడు.

ఊళ్లోని న్యాయవాదులందరూ కూడబలుక్కుని ఎవరమూ వాదించం అని తీర్మానం చేయడం పూర్తిగా వేరే సంగతి. కోయంబత్తూరులో పోలీసులకూ న్యాయవాదులకూ గొడవ జరిగినప్పుడు అక్కడి బార్ అసోసియేషన్ ఆ పోలీసుల తరఫున సభ్యులెవరూ వాదించరాదని తీర్మానించింది. 2010 డిసెంబరు 6న ఎ.ఎస్. మహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు అలాంటి తీర్మానాలన్నీ చెల్లవని, అవి రాజ్యాంగానికీ వృత్తి ధర్మానికీ విరుద్ధమని ప్రకటించింది. తీర్పు వచ్చింది గానీ అలవాటు పోలేదు. 2012 డిసెంబరు ఢిల్లీ బస్సు అత్యాచారం తర్వాత సాకేత్ కోర్టు న్యాయవాదులు ముద్దాయిలకు వాదించబోమన్నారు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలి మీద అత్యాచారం, హత్య జరిగినప్పుడు షాద్‌నగర్‌లో స్థానిక న్యాయవాదులు కూడా అదే మాట అన్నారు. ఆ కోపం అర్థం కానిది కాదు. ఆ రోజుల్లో రాష్ట్రంలో అన్నం సహించని ఇళ్లు ఎన్నో. అయితే ఆ కేసు కోర్టు విచారణ దాకా రానేలేదు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు ముద్దాయిలూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ కాల్పులపై విచారించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ తన నివేదికలో పోలీసులు చంపాలనే ఉద్దేశంతో కాల్పులు జరిపారని తేల్చింది. ఆ నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లేనని కూడా చెప్పింది. ముద్దాయి వయసు ఎంతన్నది ఏ డిఫెన్స్ న్యాయవాదైనా మొదటి రోజే అడిగే ప్రశ్న. అడిగేవాళ్లు లేకపోవడంతో ఆ సంగతి వాళ్లు చనిపోయాక గానీ అధికారికంగా బయటికి రాలేదు. చనిపోయిన అమ్మాయికి కూడా కోర్టు తీర్పు అనేది దక్కలేదు.

జనం దృష్టిలో ద్రోహులైనవారు చరిత్ర దృష్టిలో ఎప్పుడూ ద్రోహులుగానే మిగలరన్న సంగతినీ ఈ విషయంలో మరవకూడదు. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్‌ను మణియాచ్చి రైల్వే స్టేషన్లో కాల్చి చంపిన కేసులో ముద్దాయిల తరఫున నిలబడడం ప్రభుత్వం కంట్లో పడడమే. నిలబడినవారిలో టంగుటూరి ప్రకాశం ఒకరు. పార్వతీపురం కుట్ర కేసులో నక్సలైట్ల తరఫున పనిచేసిన కె.జి. కన్నబిరాన్, హైదరాబాద్ కోర్టుల్లో దశాబ్దాల పాటు ఎవరూ ముట్టుకోని కేసులు చేపట్టారు. ముద్దాయి రాజకీయాలతో ఏకీభవించడం ఆ పనికి ముందు షరతు కానే కాదు.

బాధితుల వైపు నుంచి చూస్తే ఈ వ్యవహారం ఇంత తేలిగ్గా మింగుడుపడదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి కోర్టు హాల్లో కూర్చుని, ఎదుటి ప్లీడరు తన మాటల్లో తప్పులు వెతుకుతుంటే వినాలి. డిఫెన్స్ న్యాయవాదులు అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన చోటిది. సాక్ష్యాన్ని నిలదీయడానికీ సాక్షిని చిన్నబుచ్చడానికీ మధ్య గీత ఉంది. అత్యాచారం కేసుల్లో బాధితురాలి గత జీవితం మీద, నడవడి మీద ప్రశ్నలు వేయకూడదని సాక్ష్య చట్టంలో 2003లోను, 2013లోను సవరణలు తెచ్చారు. అవమానించే ప్రశ్నలను ఆపే అధికారం జడ్జికి ఉంది. అయినా కింది కోర్టుల్లో ఆ గీత దాటేవాళ్లు ఉన్నారు. ఢిల్లీ బస్సు అత్యాచారం కేసులో ఇద్దరు డిఫెన్స్ న్యాయవాదులు 2015లో ఒక డాక్యుమెంటరీలో ఆడవాళ్ల గురించి మాట్లాడిన తీరుకు బార్ కౌన్సిల్ షోకాజ్ నోటీసులు ఇచ్చింది. వాళ్లు చేసిన తప్పు ముద్దాయిలకు వాదించడం కాదు. ఆ పనికి అక్కర్లేని ద్వేషాన్ని కలపడం. అదే కేసులో సుప్రీంకోర్టుకు సాయంగా వచ్చిన సీనియర్ న్యాయవాదులు రాజు రామచంద్రన్, సంజయ్ హెగ్డే శిక్ష గురించి వాదించారు. బాధితురాలిని ఒక్క మాట అనాల్సిన అవసరం వారికి రాలేదు.

న్యాయవాది తన ఏవగింపుతో ఎలా బతుకుతారన్నదానికి నియమావళిలో జవాబు లేదు. ముద్దాయిని మనిషిగా ఇష్టపడాల్సిన పని లేదని, అతని మాటను నమ్మాల్సిన పని కూడా లేదని ఎక్కువమంది సీనియర్లు జూనియర్లకు చెబుతారు. ఈ భారం ఎక్కువగా పడేది పేరున్నవారి మీద కాదు. న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్లో ఉండి, కోర్టు అప్పగించిన కేసును కొద్దిపాటి ఫీజుకు నడిపే చిన్న న్యాయవాదుల మీద. 2022 నుంచి జిల్లాల్లో వస్తున్న లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థలో ఈ పనికే పూర్తికాలం న్యాయవాదులను నియమిస్తున్నారు. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సాయం పొందే హక్కు ఉంది.

వీటన్నిటినీ ఒక్కచోట పరీక్షకు పెట్టిన విచారణ ముంబైలో జరిగింది. 2008 నవంబరు 26 దాడిలో 166 మంది చనిపోయారు. ప్రాణాలతో దొరికిన దాడిదారు అజ్మల్ కసబ్ ఒక్కడే. అక్కడి మేజిస్ట్రేటు కోర్టుల బార్ అసోసియేషన్ అతనికి వాదించరాదని తీర్మానించింది. 2009 మార్చిలో కోర్టు నియమించిన అంజలి వాఘ్మారే ఇంటి మీద గుంపు దాడి చేసింది. ఒక సాక్షి తరఫున కూడా ఆమె వకాల్తా ఉందని తేలడంతో ఆమెను తప్పించి అబ్బాస్ కాజ్మీకి అప్పగించారు. విచారణకు సహకరించడం లేదంటూ ఆయన్నూ తొలగించాక కె.పి. పవార్ చివరిదాకా నడిపారు. 2010 మే 6న ఉరిశిక్ష పడింది. సుప్రీంకోర్టులో కసబ్ తరఫున రాజు రామచంద్రన్, గౌరవ్ అగ్రవాల్ వాదించారు. తమకు రావలసిన ఫీజును దాడిలో ప్రాణాలు కోల్పోయిన 18 మంది పోలీసు, భద్రతా సిబ్బంది కుటుంబాలకు వదిలేశారు. అరెస్టయిన వ్యక్తిని మొదటిసారి ప్రవేశపెట్టినప్పుడే న్యాయవాది హక్కు గురించి మేజిస్ట్రేటు చెప్పి తీరాలని ఈ కేసు తీర్పులోనే దేశమంతటికీ ఆదేశం వచ్చింది. 2012 నవంబరు 21న యెరవాడ జైల్లో కసబ్‌ను ఉరితీశారు.

ఆ విచారణలో కసబ్ పక్కన ఇద్దరు భారతీయులు కూడా ముద్దాయిలుగా ఉన్నారన్న సంగతి చాలామందికి గుర్తులేదు. దాడి చోట్లకు పటాలు గీసి ఇచ్చారన్నది వాళ్ల మీద అభియోగం. అలాంటి పటం ఒకటి చనిపోయిన ఒక దాడిదారు జేబులో దొరికిందని పోలీసులు చెప్పారు. బట్టలు నెత్తుటితో తడిసి ఉంటే కాగితం మీద మరక ఎందుకు లేదని డిఫెన్స్ అడిగింది. ఇద్దరిలో ఒకరికి వాదించినది షాహిద్ ఆజ్మీ. యుక్తవయసులో తానే ఉగ్రవాద నిరోధక చట్టం టాడా కింద అరెస్టయి, తీహార్ జైల్లో కొన్నేళ్లు గడిపి, బయటికి వచ్చాక లా చదివి న్యాయవాది అయిన మనిషి. 2010 ఫిబ్రవరి 11న ముంబై కుర్లాలోని ఆయన ఆఫీసులోకి వచ్చి కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు 32 ఏళ్లు. మూడు నెలలు తిరగకముందే, మే 3న తీర్పు వచ్చింది. కసబ్ దోషి అని చెప్పిన కోర్టే, అదే రోజున ఆ ఇద్దరినీ నిర్దోషులుగా ప్రకటించింది. 2011లో బొంబాయి హైకోర్టు, 2012 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఆ విడుదలను ఖాయం చేశాయి.